డెల్టా ఒండ్రు కింద పాత నేల: మునిగిపోయిన తీరాల్లో ఆదిమానవుణ్ణి వెతికే పని నేర్చుకోవడం ఎలా

అమలాపురం పక్కన ఏ చేలోనైనా రెండు మీటర్ల గొయ్యి తీసి చూడండి. ఒండ్రు, రేగడి, ఇసుక, మళ్లీ రేగడి. గులకరాయి ఒక్కటి తగలదు. రాతి పనిముట్ల మీద పని చేద్దామనుకునేవాళ్లకు ఇంతకన్నా దండగ చోటు ఉండదనిపిస్తుంది. కానీ మునిగిన నేలల మీద పని చేద్దామనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి బడి దొరకడం కష్టం. సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన ఆనవాళ్లు, తిరిగి వెనక్కి జరిగిన ఆనవాళ్లు రెండూ ఇక్కడ పొడి నేల మీదే ఉన్నాయి. బస్సు దిగి నడుచుకుంటూ వెళ్లి చూడొచ్చు. ఈ రంగం అనగానే కుర్రకారు ముందు అడిగేది డైవింగ్ గురించి. అది ఆఖరున నేర్చుకోవలసిన పని. మొదట నేర్చుకోవలసింది మట్టి.

లోతుల లెక్క

సుమారు 20,000 ఏళ్ల కిందట, హిమయుగం చలి ముదిరిన రోజుల్లో, ప్రపంచ సముద్రమట్టం ఇప్పటికన్నా 120 నుంచి 130 మీటర్లు కిందికి ఉండేది. మంచు కరిగేకొద్దీ ఆ లోటు పూడుతూ వచ్చింది. 14,000 ఏళ్ల కిందటికి సుమారు 75–80 మీటర్లు, 11,500 ఏళ్ల కిందటికి 60 మీటర్ల దరిదాపు, 9,000 ఏళ్ల కిందటికి పాతిక మీటర్ల దరిదాపు. 7,000 ఏళ్ల కిందట ఇంచుమించు ఇప్పటి మట్టానికి వచ్చి నిలకడ పడింది. ఆ నిలకడ వచ్చాకే గోదావరి తెచ్చిన ఒండ్రు సముద్రాన్ని వెనక్కి నెట్టగలిగింది. కోనసీమ అని మనం పిలిచే నేలంతా ఆ తర్వాత పేరుకున్నదే.

దీన్నిబట్టి ఒక సంగతి ముందే తేలిపోతుంది. కోనసీమ పైనేల మీద ప్రాచీన శిలాయుగపు చేతిగొడ్డలి కనపడిందంటే అది అక్కడిది కాదు, ఏ మెటల్ లారీలోనో వచ్చింది. ఆ కాలపు నేల ఉన్నా, పదుల మీటర్ల ఒండ్రు కింద ఉంటుంది.

ఇక మనుషుల లెక్క. చెన్నైకి ఎగువన కొర్తలయార్ లోయలోని అత్తిరంపాక్కంలో చేతిగొడ్డళ్ల పొర వయసు సుమారు 15 లక్షల ఏళ్లని 2011లో తేలింది. అదే చోట మధ్య ప్రాచీన శిలాయుగపు పనితనం 3,85,000 ఏళ్ల కిందటే మొదలైందని 2018లో ప్రకటించారు. మన రాయలసీమలో జుర్రేరు లోయలోని జ్వాలాపురంలో, సుమత్రా దీవిలోని తోబా అగ్నిపర్వతం 74,000 ఏళ్ల కిందట చిమ్మిన బూడిద పొరకు కిందా పైనా కూడా పనిముట్లు దొరికాయి. ఈ పదిహేను లక్షల ఏళ్లలో సముద్రం ఎన్నోసార్లు దిగింది, ఎన్నోసార్లు ఎక్కింది. సుమారు 1,25,000 ఏళ్ల కిందట ఇప్పటికన్నా 6 నుంచి 9 మీటర్లు పైనే ఉంది. కానీ ఎక్కువ కాలం ఇప్పటికన్నా కిందే ఉంది. అంటే తీరానికి అవతల ఇవాళ నీళ్లున్న మెట్ట చాలాకాలం పొడి నేలగా ఉండేది. నదులు దాని మీదుగా పారేవి. ఆ నేలను పక్కనబెట్టి దక్షిణ భారత ఆదిమానవుడి కథ రాస్తే సగం కాగితం ఖాళీగా వదిలినట్టే.

ఏం చదవాలి

ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫరవాలేదు గానీ, డిగ్రీలో భూగర్భశాస్త్రం ఒక సబ్జెక్టుగా ఉంటే తర్వాత రెండేళ్లు కలిసొస్తాయి. ఆర్ట్స్ నుంచి వచ్చినవాళ్లు కంగారు పడక్కర్లేదు. అవక్షేప శాస్త్రం, భూస్వరూప శాస్త్రం, కొంచెం గణాంకాలు విడిగా పట్టుదలగా నేర్చుకుంటే చాలు. పీజీకి పుణేలోని దక్కన్ కాలేజీకి శిలాయుగపు పరిశోధనలో పెద్ద పేరుంది. ఆంధ్రా యూనివర్సిటీలో చరిత్ర–పురావస్తు విభాగం, భూగర్భ విభాగం ఒకే ఆవరణలో ఉండటం డెల్టా పిల్లలకు పెద్ద సౌకర్యం. తంజావూరు తమిళ విశ్వవిద్యాలయంలో సముద్ర పురావస్తు శాస్త్రానికి విడిగా విభాగం ఉంది. భారత పురావస్తు సర్వేక్షణ వాళ్ల సంస్థ గ్రేటర్ నోయిడాలో రెండేళ్ల పీజీ డిప్లొమా నడుపుతుంది. సీట్లు కొద్ది, పోటీ గట్టిది.

పీజీ అయ్యాక యూజీసీ నెట్ రాసి జేఆర్ఎఫ్ (పరిశోధకులకు నెలనెలా ఇచ్చే జూనియర్ ఫెలోషిప్; తర్వాతి మెట్టు ఎస్ఆర్ఎఫ్) తెచ్చుకోవడమే పీహెచ్‌డీకి రాజమార్గం. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ 42,000. ఇంటి అద్దె భత్యం వేరు. ఆ డబ్బుతో బతకొచ్చు, కానీ కార్బన్ డేట్లు (నమూనాల వయసు తేల్చే పరీక్షలు) చేయించలేరు. అందుకని గైడును ఎంచుకునేటప్పుడు పేరుప్రతిష్ఠల కన్నా ముందు రెండు ప్రశ్నలు అడగండి: చేతిలో ప్రాజెక్టు నిధులు ఉన్నాయా, డేటింగ్ ల్యాబుతో పొత్తు ఉందా. రెండిటికీ లేదనే జవాబు వస్తే నాలుగో ఏట మీ థీసిస్ డేట్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

చదువుతూనే మూడు నైపుణ్యాలు చేతికి తెచ్చుకోండి. ఒకటి, క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో పటాలు గీయడం. రెండు, రాయి కొట్టడం: క్వార్ట్‌జైట్ గులకరాళ్లు తెచ్చుకుని మీరే పెచ్చులు తీయండి, కళ్లజోడు, చేతికి మందపాటి తోలు, కింద టార్పాలిన్ తప్పనిసరి. ఆ పెచ్చులు ఎక్కడపడితే అక్కడ పారేయకండి, రేపు ఎవరో వాటినే కనిపెడతారు. మూడు, పడవ మీద వాంతి లేకుండా ఎనిమిది గంటలు ఉండగలగడం. నవ్వులాటగా అనడం లేదు, కొందరికి అసలు అలవడదు. ఆ సంగతి పీహెచ్‌డీలో చేరకముందే తెలుసుకోవడం మేలు.

పటం మీద పాత తీరాలు పట్టుకోవడం

డెల్టాలో ఊళ్లు, రోడ్లు, కొబ్బరితోటలు వంపు తిరిగిన చారలుగా ఎందుకున్నాయో గమనించారా? అవన్నీ పాత సముద్రతీరపు ఇసుక మెరకలు. మెరకల మీద కొబ్బరి, మెరకల మధ్య పల్లంలో వరి. ఒక్కో మెరక ఒకప్పటి తీరం. లోపలికి వెళ్లేకొద్దీ పాతవి, సముద్రం వైపు కొత్తవి. ఇప్పుడు తీరానికి ముప్ఫై కిలోమీటర్లకు పైగా లోపల ఉన్న కొల్లేరు ఒకనాటి ఉప్పునీటి కయ్యకు మిగిలిన రూపమని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు.

ఈ మెరకలు ఇవాళ్టి ఉపగ్రహ చిత్రాల్లో సరిగా కనపడవు; చేపల చెరువులు, రొయ్యల చెరువులు పల్లాన్నంతా గళ్లుగా కోసేశాయి. అందుకని 1960–70ల నాటి కరోనా గూఢచారి ఉపగ్రహ ఫొటోలతో మొదలుపెట్టండి. రహస్య ముద్ర తీసేసిన ఆ చిత్రాలు అమెరికా భూగర్భ సర్వే వెబ్‌సైట్లో దొరుకుతాయి. చెరువులు లేని డెల్టా వాటిలో చక్కగా పరుచుకుని ఉంటుంది. వాటిని ఇప్పటి సెంటినెల్ ఉపగ్రహ చిత్రం మీద కూర్చాలంటే కదలని గుర్తులు కావాలి. ఏటి ఒడ్డు, లంక అంచు వాడకండి. వరదకో రూపు మారతాయి. పాత గుడి, కాలువ లాకు, రైలు వంతెన, ఇలాంటివి వాడండి.

ఎత్తుల దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఉచితంగా దొరికే ఎస్ఆర్‌టీఎం ఎత్తుల పటం కొబ్బరి మట్టల ఎత్తును నేల ఎత్తుగా చూపిస్తుంది. ఒకటి రెండు మీటర్ల తేడాలే కథంతా చెప్పే చోట అది పనికిరాదు. ప్రతి కోర్ (గొట్టం దింపి పైకి తీసే నిలువు మట్టి ముక్క) దగ్గరా ఆర్‌టీకే జీపీఎస్‌తో సెంటీమీటర్లలో ఎత్తు తీసుకోవాలి. రిసీవర్ మైనస్ ఎత్తు చూపించిందని పరికరం చెడిపోయిందనుకోకండి. అది దీర్ఘగోళం మీది ఎత్తు; జియాయిడ్ (సగటు సముద్రమట్టాన్ని సూచించే ఊహాతలం) సవరణ వేస్తేగాని సగటు సముద్రమట్టం నుంచి ఎంతో రాదు. నోటుబుక్కులో రెండు అంకెలూ, వాడిన జియాయిడ్ నమూనా పేరూ రాయాలి. సవరణ వేసిందీ లేనిదీ తెలియని పాత ఎత్తు ఆరు నెలల తర్వాత ఎందుకూ కొరగాదు.

చెరువు గట్టు: ఖర్చులేని కోత

కోర్ తీయకముందు పొక్లెయిన్ వెనకాల తిరగండి. కొత్త చెరువు తవ్వినప్పుడు, పాత చెరువు పట్టుబడి అయ్యాక ఎండగట్టినప్పుడు మీటరు, మీటరున్నర లోతు కోత వందల మీటర్ల పొడవున తెరుచుకుంటుంది. రైతును అడిగితే సాధారణంగా కాదనరు. నీళ్లు పెట్టేలోపు రెండు మూడు రోజులే గడువుంటుంది, కనక ఊళ్లో తెలిసినవాళ్ల ఫోన్ నంబర్లే మీకు అసలైన పరికరం.

కోత ముఖాన్ని కనీసం ఒక అడుగు లోపలికి చెక్కేయాలి. పార తాపీలా రుద్దితే పైమట్టి కింది పొరలకు పూసుకుపోతుంది. అడ్డంగా, పలుచగా గీకాలి. పాత చెరువుల్లో ఇంకో తిరకాసు ఉంది. రొయ్యల రైతులు సున్నం దండిగా చల్లుతారు. పొరలో సున్నం ఉందా అని పది శాతం హైడ్రోక్లోరిక్ ఆసిడ్ చుక్క వేస్తే పొంగుతుంది. పురాతన గవ్వల పొర అనుకుంటారు, అది పోయిన పంట సున్నం. అందుకే గీకిన లోపలి ముఖం మీదే ఆసిడ్ పరీక్ష చేయాలి.

ఈ లోతులో ఆదిమానవుడు దొరకడు. దొరికేది కంటికి శిక్షణ. పోటు నీటి బురద ఎలా ఉంటుంది, వరద ఒండ్రు ఎలా ఉంటుంది, అలలు కడిగిన ఇసుక ఎలా ఉంటుంది అన్నవి ఇక్కడ పట్టుబడితే, ముప్ఫై మీటర్ల లోతు నుంచి వచ్చిన ఏడు సెంటీమీటర్ల ముక్కలో కూడా వాటిని పోల్చుకోగలరు.

కోర్ తీయడం

కాలం ముందు. దాళ్వా కోతలు అయ్యాక, కాలువలు కట్టేసిన రోజుల్లో, ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ మొదటి వారం దాకా నీటిమట్టం బాగా దిగి ఉంటుంది. చేలో నిలబడి పని చేయొచ్చు. ఎండ దెబ్బ ఉంటుంది కాబట్టి తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టి పదిన్నరకు ఆపేయండి. సార్వా నాట్లు మొదలయ్యాక చేలో కాలు పెట్టే వీలుండదు, రైతూ ఒప్పుకోడు.

ఎనిమిది పది మీటర్ల దాకా చేతి గౌజ్ ఆగర్ చాలు: మూడు సెంటీమీటర్ల వ్యాసం, మీటరు పొడవున్న సగం గొట్టం, మీటరు చొప్పున అతికే రాడ్లు, లాగడానికి జాక్. ఇద్దరు దింపుతారు, మూడో మనిషి రాస్తాడు. మెత్తటి రేగడిలో చక్కగా దిగుతుంది. నీటిమట్టం కింద ఇసుక తగిలిందంటే బోరు కూలిపోతుంది. రెండోసారి దింపినప్పుడు గొట్టంలోకి వచ్చేది పైనుంచి జారిన ఇసుకే. దాన్ని గుర్తుపట్టడం సులువే: గొట్టం పైభాగంలో వదులుగా, పొరలు లేకుండా ఉంటుంది. అక్కడి నుంచి కేసింగ్ పైపు వేయాలి, లేదా ఆ బోరును అక్కడితో ఆపాలి.

లోతుకు పోవాలంటే నీటి బోర్లు వేసేవాళ్లను పిలవకండి. నీళ్లు కొట్టి మట్టిని పైకి తోసే పద్ధతిలో ఏ మట్టి ఏ లోతుదో దేవుడికే తెలియాలి. వంతెనలకు, అపార్ట్‌మెంట్లకు సాయిల్ టెస్టింగ్ చేసేవాళ్లను పట్టుకోండి. వాళ్ల ఎస్‌పీటీ పద్ధతిలో 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, చీలిక గొట్టాన్ని 45 సెంటీమీటర్లు దింపుతారు. మొదటి 15 వదిలేసి చివరి 30 సెంటీమీటర్లకు పడ్డ దెబ్బల లెక్కే ఎన్ విలువ. ఆ గొట్టంలో వచ్చిన మట్టి మీకు నమూనా, ఆ దెబ్బల లెక్క మీకు దారి చూపే గుర్తు. డెల్టా మెత్తటి బురదలో ఎన్ రెండు, మూడు, నాలుగు ఉంటుంది. కిందికి పోతూ ఒక్కసారిగా ఇరవై దాటిందంటే, వచ్చిన మట్టి గట్టిగా, పసుపు గోధుమరంగు మచ్చలతో, సున్నపు గడ్డలతో ఉందంటే ఆగి చూడండి. సముద్రం రాకముందు గాలికి ఎండకు ఆరి గట్టిపడిన పాత నేల అయ్యే అవకాశం ఎక్కువ. మీరు వెతుకుతున్న పొర అదే. గట్టి ఇసుక పొర తగిలినా ఎన్ పెరుగుతుంది, కనక అంకె ఒక్కటే చూసి సంబరపడకండి; మట్టి రంగు, గడ్డలు, వేళ్ల గుర్తులు మూడూ కలవాలి.

ఎక్కడో కొత్తగా బోర్లు వేయించేముందు, ఇప్పటికే ఉన్న సాయిల్ రిపోర్టులు సంపాదించండి. జాతీయ రహదారి వంతెనలు, పెద్ద కట్టడాలు, అన్నిటికీ ఉంటాయి. పది రిపోర్టుల్లో గట్టి పొర లోతులు ఒక పటం మీద గుచ్చితే పాత లోయ ఎటు పోయిందో తెలుస్తుంది. సముద్రం కిందికి దిగిన రోజుల్లో గోదావరి తన పాత నేలను కోసుకుంటూ పోయింది. ఆ లోయ నడుమ గట్టి పొర చాలా లోతున ఉంటుంది లేదా అసలు ఉండదు, నది దాన్ని కోసుకుపోయింది. మనుషుల ఆనవాళ్లు నిలిచే అవకాశం లోయ అంచుల మీద. నడిమధ్యలో బోరు వేసి ఏమీ రాలేదని నిరాశపడటం ఈ పనిలో మామూలుగా జరిగే తప్పు.

బోరు వేసే చోట గ్యాస్ పైపులైను లేదని రాతపూర్వకంగా నిర్ధారించుకోవాలి. కృష్ణా–గోదావరి బేసిన్ అంతా చమురు, గ్యాస్ గొట్టాల వల. 2014లో నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఊరు ఎలా కాలిందో కోనసీమలో మరిచినవాళ్లు లేరు. పసుపు గుర్తు రాళ్లు కనపడకపోయినంత మాత్రాన పైపు లేదనుకోకూడదు. బోరు దగ్గర బీడీ, సిగరెట్టు నిషేధం.

ముక్క పైకి వచ్చాక

గొట్టం తెరిచిన వెంటనే ఫొటో. నీలి నలుపు బురద గాలి తగిలితే కొద్దిసేపట్లోనే గోధుమరంగుకు తిరుగుతుంది. తర్వాత మట్టి రంగును పోల్చే మన్సెల్ రంగుల పుస్తకం పెట్టి చదివిన రంగు అబద్ధం చెబుతుంది. కత్తితో నిలువుగా కాదు, అడ్డంగా గీకి ముఖం శుభ్రం చేయాలి. మీటరు దింపితే 87 సెంటీమీటర్లే వచ్చిందనుకోండి, ఆ 13 ఎక్కడ పోయాయో రాయాలి: నొక్కుకుపోయిందా, జారిపోయిందా. ఇది రాయని కోర్‌లో లోతులన్నీ ఊహలే.

వాసన చూడండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే పోటు నీరు నిలిచిన చోటు, చాలాసార్లు మడ అడవి. మడ, తిల్ల చెట్ల వేళ్లు, ఆకుల ముద్ద కనపడితే ఆ లోతు విలువైనది. మడ అడవి సగటు నీటిమట్టానికీ పెద్ద పోటు మట్టానికీ మధ్యనే పెరుగుతుంది. మన తీరంలో అమావాస్య, పౌర్ణమి పోటుపాట్ల తేడా సుమారు మీటరున్నర. కనక మడ పొర దొరికితే అప్పటి సముద్రమట్టం ముప్పావు మీటరు తేడాలోపు చిక్కినట్టే. అయితే కింద మందపాటి మెత్తటి రేగడి ఉంటే అది కుంగి, మడ పొరను కూడా కిందికి లాక్కుపోయి ఉంటుంది. గట్టి పాత నేల మీద నేరుగా కూర్చున్న మడ పొరనే లెక్కకు తీసుకోండి.

మిగతాది ల్యాబు పని. 63 మైక్రాన్ల జల్లెడలో కడిగి ఫోరామినిఫెరా (ఉప్పునీటిలో బతికే ఏకకణ జీవులు) గవ్వలు ఏరాలి, ఒక్కో నమూనాకు 300 దాకా లెక్కపెట్టాలి. పుప్పొడికి ఒక ఘన సెంటీమీటరు మట్టి చాలు.

నమూనా పాడయ్యేది ఎక్కువగా ఇంట్లోనే. కార్బన్ నమూనాను దూదిలోనో టిష్యూ కాగితంలోనో చుట్టకూడదు, అదీ కార్బనే. అల్యూమినియం రేకులో చుట్టి, సంచిలో పెట్టి, నాలుగు డిగ్రీల చలిలో దాచాలి. మన ఉక్కలో వారం బయట ఉంటే బూజు పడుతుంది, బూజు అంటే ఈనాటి కార్బన్. చీటీలు రెండు: ఒకటి లోపల పెన్సిలుతో, ఒకటి బయట. చెమట చేతికి మార్కర్ రాత చెరిగిపోతుంది.

వయసు తేల్చడం

కార్బన్–14 అర్ధాయువు 5,730 ఏళ్లు. 50,000 ఏళ్లు దాటితే ఆ పద్ధతి చేతులెత్తేస్తుంది. డెల్టాలో దానికి ముగ్గురు శత్రువులు. మొదటిది వేరు. కొబ్బరి, తాటి వేళ్లు పాత పొరల్లోకి దిగి వయసును తగ్గిస్తాయి. బురద మొత్తాన్ని డేటింగుకు పంపకుండా గింజ, ఆకు, సన్న పుల్ల ఏరి పంపాలి. రెండోది ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పాత బొగ్గు, ఇది వయసును పెంచుతుంది. మూడోది గవ్వ. సముద్రపు నీటిలో కార్బన్ ముందే ముసలిది, అందుకని గవ్వ వయసు వందల ఏళ్లు ఎక్కువ పలుకుతుంది. సముద్రపు నమూనాలకు వాడే మెరైన్20 వక్రరేఖతో సవరించాలి. రెండు చిప్పలూ అతుక్కుని ఉన్న గవ్వనే తీసుకోండి, విడి చిప్ప ఎక్కడి నుంచో దొర్లుకొచ్చినది కావచ్చు. కార్బన్ అణువులను నేరుగా లెక్కపెట్టే ఏఎంఎస్ పద్ధతిలో మిల్లీగ్రాముల్లోనే నమూనా చాలు. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో ఆ సౌకర్యం ఉంది. పుప్పొడికి లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ పేరున్నది.

పాత నేల 50,000 ఏళ్లు దాటినదైతే ఓఎస్ఎల్ వాడాలి. ఇసుక రేణువు చివరిసారి ఎండ చూసింది ఎప్పుడో అది చెబుతుంది. వెలుతురు చొరని ఇనుప గొట్టం, ఐదు సెంటీమీటర్ల వ్యాసం, పాతిక సెంటీమీటర్ల పొడవు. కోత ముఖంలోకి కొట్టి, రెండు చివర్లూ నల్ల టేపుతో మూసి, పక్కనే తేమ కొలవడానికి ఇంకో సంచి మట్టి తీసుకోవాలి. తేమ లెక్క తప్పితే వయసు తప్పుతుంది. వరద ఇసుక మసక నీళ్లలో రాత్రి పగలు కొట్టుకొస్తుంది, ఎండ సరిగా తగలదు. వయసు ఎక్కువ చూపిస్తుంది. మెరక మీది గాలి ఇసుక అలా కాదు, బాగా ఎండినది. వీలుంటే అదే ఎంచుకోండి.

రాయి కనపడితే

డెల్టా బురదలో రాయి పుట్టదు. కాబట్టి లోతైన పొరలో రాయి వచ్చిందంటే ఏదో తెచ్చిపెట్టింది: నది, లేక మనిషి. పై రెండు మూడు మీటర్లలోనైతే ముందు రోడ్డు మెటల్, రైలు కంకర, పాత కోరంగి రేవుకు వచ్చిన ఓడలు బరువుకు తెచ్చి పారేసిన రాళ్లు అనుమానించండి. లోతున గులకల పొరలో అయితే నది తెచ్చింది. మెత్తటి రేగడి మధ్యలో ఒంటరిగా, పదునైన అంచుతో చర్ట్ (చెకుముకి లాంటి గట్టి రాయి) పెచ్చు వస్తే గుండె కొట్టుకోవడం న్యాయమే.

మనిషి కొట్టిన పెచ్చుకు గుర్తులు కలిసే ఉండాలి: సుత్తిరాయి తగిలిన చిన్న వేదిక, దాని కింద దెబ్బ బుడిపె, అక్కడి నుంచి పాకిన అలల గీతలు, వెనకవైపు అంతకు ముందు తీసిన పెచ్చుల మచ్చలు. ఒక్కటే ఉంటే కాదు. ఎస్‌పీటీ సుత్తి కూడా గులకరాయిని పగలగొడుతుంది. ఆ విరుపు తాజాగా, పాలిష్ లేకుండా మెరుస్తుంది.

పోలికకు ముడిరాయి ఎక్కడెక్కడ ఉందో తెలియాలి. డెల్టా తల దగ్గర, రాజమండ్రి చుట్టూ మెట్టల్లో తిరగండి. కాతేరు, పంగిడి వైపు నల్లరాయి పొరలు, వాటి మధ్య సున్నపురాయి, చర్ట్. పైన రాజమండ్రి ఇసుకరాయి. ఏటి గులకల్లో క్వార్ట్‌జైట్. ప్రతిదాంట్లో పిడికెడు చొప్పున తెచ్చి ల్యాబులో పెట్టుకోండి. అసలు పాత పనిముట్లు దొరికే అవకాశం డెల్టా నడుమ కన్నా ఈ మెట్ట అంచుల మీదే ఎక్కువ, కనక మొదటి సీజను సర్వే ఇక్కడే చేయడం తెలివైన పని.

ఇక నీళ్లలోకి

ప్రపంచంలో ఈ పని ఎక్కడ ఫలించిందో చూస్తే మన తీరంలో ఎక్కడ దిగాలో తెలుస్తుంది. ఆస్ట్రేలియా వాయవ్య తీరంలో మురుజుగ దగ్గర 2020లో ప్రకటించిన రాతి పనిముట్లు 269, అన్నీ లోతులేని, ఒండ్రు పెద్దగా పడని నీళ్లలో దొరికినవి. ఇజ్రాయెల్ తీరాన అత్లిత్ యామ్ ఊరు 8–12 మీటర్ల లోతున, ఇసుక పక్కకు జరిగినప్పుడు బయటపడింది. ఉత్తర సముద్రంలో మునిగిన డాగర్‌ల్యాండ్ నుంచి 1931లో ఒక ట్రాలర్ వలలో దుప్పి కొమ్ముతో చేసిన ఈటె మొన పడింది. తర్వాత ఆ నేల పటాన్ని చమురు కంపెనీల భూకంప తరంగ సర్వేలతో గీశారు. గోదావరి మొగల (నది సముద్రంలో కలిసే చోట్ల) ఎదుట ఇవేవీ కుదరవు. మన వైపు సముద్రపు మెట్ట (తీరాన్ని ఆనుకుని నీళ్ల కింద ఉన్న లోతు తక్కువ నేల) ఇరుకు, దాని మీద బురద మందం, నీళ్లలో చూపు ఆనదు. మొగల దగ్గర చేయి చాపితే చేయి కనపడదు.

అందుకని ఇక్కడ మొదటి సాధనం, శబ్దం పంపి సముద్రపు అడుగు కింది పొరలను చూపించే సబ్-బాటమ్ ప్రొఫైలర్. పడవను నాలుగు నాట్ల (గంటకు సుమారు ఏడున్నర కిలోమీటర్ల) వేగం మించనివ్వకుండా, 50–100 మీటర్ల ఎడం గీతలుగా నడపాలి. బురదలో కుళ్లిన ఆకు నుంచి పుట్టిన మీథేన్ ఉన్నచోట శబ్దం కిందికి పోదు; రికార్డులో నల్లటి తెర దిగినట్టు కనిపిస్తుంది. యంత్రం చెడిందని గంటలు వృథా చేయకండి, గీతను పక్కకు జరపండి. చమురు సర్వేల సమాచారం హైడ్రోకార్బన్స్ డైరెక్టరేట్ జనరల్ నడిపే జాతీయ డేటా భాండాగారంలో ఉంటుంది. అవి లోతైన పొరల కోసం చేసినవి, మనకు కావలసిన పై యాభై మీటర్లు అలుక్కుపోయి ఉంటాయి. పెద్ద లోయల జాడకు మాత్రం పనికొస్తాయి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. బోట్లన్నీ కాకినాడ రేవులోనే ఉంటాయి, సరంగులకు తీరిక ఉంటుంది. వల ఎన్ని బారల లోతులో రాళ్లకు తగిలి చిరుగుతుందో వాళ్లకు తెలిసినంతగా ఏ చార్టుకూ తెలియదు. ఆ చోట్లు జీపీఎస్‌లో దాచుకున్నవాళ్లు ఉంటారు. అడిగేటప్పుడు నిధి కోసం కాదని ముందే తేటగా చెప్పాలి.

డైవింగ్ సర్టిఫికెట్ ఓపెన్ వాటర్ నుంచి రెస్క్యూ దాకా తెచ్చుకోండి. 18 మీటర్ల దగ్గర మొదటి డైవుకు డికంప్రెషన్ (పైకి వస్తూ మధ్యలో ఆగడం) లేకుండా 56 నిమిషాలు, 30 మీటర్ల దగ్గర 20 నిమిషాలే అన్నది మనసులో ఉండాలి. మొదటి అసలైన డైవులు భీమిలి వైపు చేయడం మంచిది. అక్కడ ఒండ్రు తక్కువ, తీరం మీదే ఎర్రమట్టి దిబ్బలున్నాయి, వాటిలో సూక్ష్మ శిలా పరికరాలు దొరికాయి. ఒడ్డున ఉన్న పొర నీళ్లలోకి ఎలా దిగుతుందో వెంటాడవచ్చు. వరదలు తగ్గి, తుపాన్ల కాలం దాటాక జనవరి నుంచి మార్చి దాకా నీళ్లు కాస్త తేటగా ఉంటాయి.

గులాబీ రంగు కలలు కనేవాళ్లు ఖంభాత్ సంగతి చదవాలి. 2001లో గుజరాత్ ఖంభాత్ సింధుశాఖలో ముప్ఫై నలభై మీటర్ల లోతున నగరం ఉందన్నారు. వస్తువులు పొరల్లోంచి తీసినవి కావు, అడుగును గీకి పైకి లాగినవి. పోటుపాట్లు అంత ఉధృతంగా ఉండే చోట అవి ఎక్కడివో చెప్పలేం. కొయ్య ముక్క వయసు 9,500 ఏళ్లు రావచ్చు, కొయ్య వయసు ఊరి వయసు కాదు. వస్తువును పొరలోంచి తీయలేకపోతే కదపకుండా ఫొటో, కొలత తీసుకుని వదిలేయడమే సరైన పని.

అనుమతులు

సర్వేకైనా తవ్వకానికైనా భారత పురావస్తు సర్వేక్షణ లైసెన్సు కావాలి. దరఖాస్తులు కేంద్ర పురావస్తు సలహా మండలి ముందుకు పోతాయి, వ్యక్తిగా కాదు, విశ్వవిద్యాలయం తరఫున పెట్టాలి. కోరంగి మడ అడవి, కొల్లేరు రెండూ అభయారణ్యాలు, అటవీ శాఖ అనుమతి లేకుండా ఒక్క ఆగర్ రాడ్ కూడా దింపకూడదు. సముద్రంలో సర్వేకు నౌకాదళం, కోస్ట్ గార్డ్, రేవు అధికారులకు ముందే తెలపాలి. విదేశీ భాగస్వామి ఉంటే అనుమతులకు ఏడాది ముందు మొదలుపెట్టండి. రైతు చేలో బోరు వేస్తే, 1878 నాటి నిధి చట్టం ప్రకారం పది రూపాయలు దాటిన విలువైన వస్తువేదైనా భూమిలో దొరికితే కలెక్టరుకు తెలపాలన్న సంగతి ఆయనకూ చెప్పండి. లేకపోతే ఊళ్లో పుకారు పుడుతుంది; మర్నాటికి మీ బోరు చుట్టూ గోతులు ఉంటాయి.

ఉద్యోగాలు

పీహెచ్‌డీ తర్వాత దారులు కొన్నే. విశ్వవిద్యాలయాల్లో బోధన, పురావస్తు సర్వేక్షణలో యూపీఎస్‌సీ ద్వారా వచ్చే డిప్యూటీ సూపరింటెండింగ్ ఆర్కియాలజిస్ట్ పోస్టులు, గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థలో సముద్ర పురావస్తు విభాగం, సర్వేక్షణలోనే 2001లో ఏర్పడిన నీటి అడుగు పురావస్తు విభాగం. పోస్టులు అరుదుగా పడతాయి. కానీ పైన చెప్పిన పద్ధతిలో తయారైనవాళ్లకు ఇంకో తలుపు ఉంటుంది: కోర్ రాయగలిగి, ఎత్తులు తీయగలిగి, ప్రొఫైలర్ రికార్డు చదవగలిగినవాళ్లు తీరప్రాంత సర్వే సంస్థలకూ భూగర్భ ప్రాజెక్టులకూ కావాలి. పోస్టు పడేదాకా అక్కడ పని చేస్తూ, బోరు వేసిన ప్రతిచోటా పాత నేల లోతును ఒప్పందం అనుమతించినంత మేర రాసి పెట్టుకోవచ్చు.